రానివాళ్ళే చెప్పాలి

నాగేంద్రమ్మ అరవయ్యారేళ్ళ వయసులో ఫోను నేర్చిందని రెడ్డిగూడెంలో అందరూ చెప్పుకుంటారు. నేర్చుకోవడమంటే అలా ఇలా కాదట. రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని టకటకా నొక్కేస్తుందట. విజయవాడ నుంచి కంపెనీ అమ్మాయి కారేసుకొచ్చి మరీ ఆమె దగ్గర పాఠం చెప్పించుకుందట. టీకొట్టు దగ్గర ఈ కథ చెప్పేవాళ్ళు చివర్న ఒక మాట కలుపుతారు. "అలా నొక్కబట్టే షెడ్డులో ఆమె చోటు నిలబడింది. లేకపోతే ఆ వయసులో ఎవరు పిలుస్తారు?"

ఆ చోటు సంగతి మాత్రం నిజం. నూజివీడు రోడ్డు మీద నారాయణరావు గారి మామిడికాయల షెడ్డులో, గడ్డి పరిచిన వరసలో, తలుపు పక్కన మొదటి చోటు ముప్పయ్యేళ్ళుగా ఆమెది. తోటల నుంచి దిగిన కాయ ముందు ఆమె చేతిలోకే వస్తుంది. తొడిమ పక్కన కాయ భుజం మీద బొటనవేలు మెత్తగా ఆనిస్తుంది. కాసేపు ఆగుతుంది. రెండు రోజుల్లో పండేది ఒక పక్కకి, ఆరు రోజులు ఆగి ఢిల్లీ చేరేది ఇంకో పక్కకి. ఆమె చెయ్యి తప్పితే లారీ మొత్తం దారిలోనే కుళ్ళుతుంది. భర్త పోయినప్పుడు కూడా పెద్దకర్మ కాగానే వచ్చి అక్కడే కూర్చుంది. "ఇంట్లో ఉంటే ఏడుపొస్తోంది. ఇక్కడ రావట్లేదు" అంది అడిగినవాళ్ళతో.

పోయిన వేసవి మొదట్లో మేస్త్రీ చిన్నరాయప్ప మోకాళ్ళు పట్టేసి పని మానుకున్నాడు. కూలీలని పోగుచేసి తెచ్చేది ఆయనే. ఆయన బదులు నారాయణరావు గారబ్బాయి ప్రవీణ్ అందరి ఫోన్లలో ఒక యాప్ పెట్టించాడు. సాయంత్రం ఫోను మోగుతుంది. "రేపు పనికి వస్తారా?" అని ఒక గొంతు అడుగుతుంది. కింద పచ్చ బిళ్ళ కనిపిస్తుంది. అది ముట్టుకుంటే పొద్దున్నే ఆటో వచ్చి ఎక్కించుకుంటుంది.

నాగేంద్రమ్మ దగ్గర కూతురు జ్యోతి వాడి ఇచ్చిన ఫోను ఉంది. మొదటి సాయంత్రం పచ్చ బిళ్ళ మీద బొటనవేలు పెట్టింది. ఫోను చేతిలో జర్రుమంది. సరేనన్నట్టుంది అనుకుంది. పొద్దున అన్నం గిన్నె సంచిలో పెట్టుకుని వీధి చివర నిలబడితే ఆటో ఆగకుండా వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజు బస్సెక్కి తనే షెడ్డుకి పోయింది.

ఆమె చోట్లో వాళ్ళ వీధి సుజాత కూర్చుని ఉంది.

"అత్తా, నన్నిక్కడ కూర్చోమన్నారే! నాకేమన్నా సరదానా?" అంటూ సుజాత లేవబోయింది. "ఒక్కో కాయ పట్టుకుని పెళ్ళిసంబంధం చూసినట్టు చూస్తన్నా. అయినా తెలిసి చావట్లా."

ప్రవీణ్ తన ఫోను తెచ్చి చూపించాడు. "మూడు రోజులూ నువ్వే రానన్నావు కదా నాగేంద్రమ్మా!"

"నేనా? నా నోటితో ఎప్పుడన్నా రానన్నానా బాబూ?"

"నోటితో కాదు, ఫోనులో."

"అయితే ఫోను మానేసినట్టుంది పని. నేను మానలేదు."

వరసంతా నవ్వారు. ప్రవీణ్ నవ్వలేదు. "ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత సుజాతే అక్కడ పర్మనెంటు. సీజను మన కోసం ఆగదు కదా."

నాగేంద్రమ్మకి తిండి బెంగ లేదు. జ్యోతి తన దగ్గరికి రమ్మంటూనే ఉంది. ఈ చేతులు కాయల మధ్య లేకపోతే ఇంకెక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు, అంతే.

ఆ సాయంత్రం ప్రవీణ్ పేర్లన్నీ చూస్తే, రానన్నవాళ్ళు పదకొండు మంది తేలారు. అందరూ పెద్దవాళ్ళే, అందరూ కాయ చూసే చేతులే. ఆ యాప్ తయారుచేసింది అతని చెల్లెలు శ్వేత. అలాంటివి చేసే కంపెనీలోనే విజయవాడలో ఉద్యోగం. శుక్రవారం పొద్దున్నే షెడ్డుకి వచ్చి, ఆ రోజూ బస్సెక్కి వచ్చిన నాగేంద్రమ్మ పక్కన గడ్డిలో చతికిలబడింది.

"అక్షరాలు పెద్దవి చేశాను మామ్మగారూ, చూడండి."

"ఏనుగంత రాసినా నాకు అక్షరం రాదు తల్లీ. ముందు నువ్వు మంచినీళ్ళు తాగు."

బిళ్ళ పెద్దది చేసి ఇచ్చింది. నాగేంద్రమ్మ బొటనవేలు పెట్టింది. ఫోను జర్రుమంది. రాను అని పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ రాను. శ్వేత మొహం ఎర్రబడింది.

"అత్తా, ఫోనింకా పచ్చికాయేమో! రెండు రోజులు గడ్డిలో మాగెయ్యి" అంది సుజాత.

అందరితో పాటు నవ్వబోయిన శ్వేత ఆగిపోయింది. "మామ్మగారూ, ఒకసారి కాయ పట్టుకోండి." నాగేంద్రమ్మ పట్టుకుంది. అదే వేలు, అదే ఆగడం.

"అంతసేపు ఎందుకుంచుతారండీ?"

"టక్కున నొక్కితే మచ్చ పడిద్ది తల్లీ. ఆనించి ఆగాలి."

శ్వేత తల మీద చెయ్యి పెట్టుకుంది. "తప్పు నాదేనండీ. వేలు ఎక్కువసేపు ఉంచితే మనసు మార్చుకుని రానన్నట్టని నేనే పెట్టాను. ఎంతసేపు ఉంచినా ఒకటే అయ్యేట్టు మార్చేస్తాను."

అక్కడితో అయిపోయిందనుకుని శ్వేత లేచింది. నాగేంద్రమ్మ చేతిలో కాయని అటూ ఇటూ తిప్పింది. షెడ్డు యజమానులకి సలహా చెప్పడం ఆమెకి అలవాటు లేదు. కానీ ఆదివారం ఎల్లుండే.

"ఒక మాట అడగనా తల్లీ? వచ్చేవాళ్ళం రోజూ వస్తాం వస్తామని చెప్పుకోవడమేంటి? రానివాళ్ళు కదా కబురు పెట్టాల్సింది."

శ్వేతకి అర్థం కాలేదు. నాగేంద్రమ్మ నెమ్మదిగా చెప్పింది. చిన్నరాయప్ప పాతవాళ్ళని ఎన్నడూ అడగలేదు. జ్వరమొచ్చినా, పెళ్ళికెళ్ళాల్సొచ్చినా ముందురోజు సాయంత్రం వాళ్ళే కబురంపేవాళ్ళు. కబురు రాలేదంటే మనిషి వస్తున్నట్టే. వస్తావా అని అడిగేది కొత్తవాళ్ళని. పాతవాళ్ళని అడిగితే నమ్మకం లేక అడిగినట్టు.

"చెప్పకుండా ఎగ్గొడితే?" అన్నాడు ప్రవీణ్.

"చిన్నరాయప్పనడగండి బాబూ."

ప్రవీణ్ అక్కడే ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. చిన్నరాయప్ప గొంతు షెడ్డంతా వినబడింది. "నాగేంద్రమ్మని వస్తావా అని అడిగారా? అమ్మో! నేనా మాట అడిగుంటే నా మోకాళ్ళు అప్పుడే విరిగేయి బాబూ!"

ఈసారి ప్రవీణ్ కూడా నవ్వాడు.

ఆదివారం మధ్యాహ్నానికి శ్వేత యాప్ మార్చి పంపింది. పాతవాళ్ళ ఫోన్లలో అది సాయంత్రం మోగదు. ఏమీ అడగదు. ఒకటే ఎర్ర బిళ్ళ. రానివాళ్ళు మాత్రం దాన్ని ముట్టుకోవాలి, ఎంతసేపైనా సరే. "రేపు మీరు రావట్లేదని చెప్పాను" అని అది పైకి చెబుతుంది. పొరపాటున తగిలితే మళ్ళీ ముట్టుకుంటే చాలు.

ఫోను మోగని సాయంత్రం నాగేంద్రమ్మకి ధైర్యమివ్వలేదు. సోమవారం పొద్దున వేళకి ముందే వీధి చివరికొచ్చి, ఆటో కోసం కాదన్నట్టు పక్కకి తిరిగి నిలబడింది. ఆటో వచ్చింది. నెమ్మదించింది. ఆగింది. లోపలున్న సుజాత సర్దుకుని చోటిచ్చింది. షెడ్డులో దిగగానే సుజాత తలుపు పక్క చోటు వదిలి, వెళ్ళి రెండో చోట్లో కూర్చుంది.

ఆ సీజను జూన్ రెండో వారం దాకా సాగింది. నాగేంద్రమ్మ ఒక్క రోజు కూడా పని మానలేదు. అందుకని ఆ బిళ్ళని ఆమె ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.