చిన్న బండి చాలన్నందుకు

ట్రాక్టర్ల షోరూంల నౌకరి దొరికిందంటే మా ఇంట్ల అందరు ఖుష్ అయిన్రు. ఇస్త్రీ అంగీ, మెడల కార్డు, పైన ఏసీ. పొద్దుగాల తొమ్మిదింటికి ఆ ఏసీ కింద నేనేం జేస్తుంటినో వాళ్లకు తెల్వదు. అందరం వరుసగ నిలబడి చప్పట్లు కొట్టాలె. ఆ నెలల ఒక్క బండి కూడ అమ్మనోడు వెనుక గోడ కాడ నిలబడాలె, గోడకు ఆనుకోవద్దు. మేనేజర్ వాన్ని పేరు పెట్టి పిలువడు, "జీరో" అంటడు. చేరిన కొత్తల రెండు నెలలు నా పేరు జీరోనే. ఇప్పుడు నవ్వుకుంట చెప్తున్న గని, అప్పుడు ఇంటికి పోతే అన్నం సయించకపోతుండె.

ఆ మేనేజర్ హైదరాబాద్ కెళ్లి వచ్చినోడు. ముప్పై ఏండ్లు కూడ నిండలే. గొర్రు ఏదో గుంటుక ఏదో తెల్వదు గని, ఎవడు ఏ ఊర్ల ఎన్ని నిమిషాలు ఆగిండో ఫోన్ల చూసి చెప్తుండె. రాయికోడ్‌ల చాయ్ తాగనీకి జర ఆగితే చాలు, ఫోన్ మోగేది. "ఏం బాస్, హోటల్ల కూసుంటే ట్రాక్టర్లు మొలుస్తయా?" అనేటోడు. పక్కనున్న రైతులకు కూడ ఇనపడేటట్టు అరిచేటోడు. ఇజ్జత్ అనేది షోరూం గేటు బయటనే విడిచి రావాలని నాకు ఆ మొదటి నెలలనే తెలిసింది.

నాకు పని నేర్పినోడు వేరే. మా సేల్స్‌మన్లల్ల అందరికన్న పెద్దాయన, యాభై దాటినయ్. షోరూం తెరిచిన దినం కెళ్లి ఆడనే ఉన్నడు. నేను కాకా అని పిలుస్తుంటి. కొత్తోడినని నన్ను ఆయన చేతికింద వేసిన్రు. న్యాల్‌కల్ దిక్కు ఊర్లన్ని ఆయనవే. తెలుగోళ్లతోని తెలుగు, కన్నడపోళ్లతోని కన్నడం, ముసల్మాన్లతోని ఉర్దూ, ఇంట్ల మనిషి లెక్క మాట్లాడుతుండె. నేను ఆయన బండెనుక కూసుండి ఆ ఊర్లన్ని తిరిగిన.

కాకా అమ్మే తీరే వేరు. రైతు "ట్రాక్టర్ తీస్కుంట" అన్నంక కూడ ధర చెప్పడు. "ముందుగాల నీ పొలం చూపియ్యి" అంటడు. చెప్పులు ఒడ్డు మీద విడిచి, పొలం చుట్టూ అంత నడుస్తడు. మన్ను పిసికి చూస్తడు. తునక చివరి దాంక పోయి, బండి మళ్లనీకి జాగ ఎంత ఉన్నదో అడుగులేసి కొలుస్తడు. "చిన్న తునకల పెద్ద బండి మళ్లదు బిడ్డా. నాలుగు మూలలు దున్నకుంటనే మిగుల్తయ్. ఆ మూలలు మల్ల ఆడోళ్లు పారలతోని తవ్వాలె" అని నాకు చెప్పిండు. పెద్ద బండి కావాలని మొండిగ ఉన్న రైతును కూడ బుదరకిచ్చి చిన్న బండి కొనిపిస్తుండె. గా రైతు తెల్లారి తన తమ్మున్ని, బావమర్దిని పట్టుకొస్తుండె. ఆ ఊర్లల్ల ఆయన ఎప్పుడు జీరో కాలే.

ఇగ నేను చేసిన పని చెప్త. ప్రతి శనివారం మీటింగుల కొత్తోళ్లు ఒక్కొక్కరు లేచి "ఈ వారం నేనేం నేర్చుకున్న" అని చెప్పాలె. చెప్పినంక అందరు మూడుసార్లు చప్పట్లు కొట్టాలె. ఆ వారమే ఒక రైతు పెద్ద బండి బుక్ చేసుండె. కాకా పోయి పొలం చూసి, దాన్ని రద్దు చేయించి, చిన్నది ఇప్పిచ్చిండు. నా వంతు వచ్చినప్పుడు నేను ఛాతి ఉబ్బిచ్చి లేచిన. కాకా పొలం ఎట్ల నడిచిండో, మూలలు ఎట్ల కొలిచిండో, పెద్ద బండి వద్దని రైతును ఎట్ల ఒప్పిచ్చిండో, అంత పూసగుచ్చినట్టు చెప్పిన. "సార్, అమ్ముడంటే ఏందో నాకు ఆ దినం తెలిసింది" అని కూడ అన్న. అరె, ఎంత పిచ్చోన్ని! పొగుడుతున్న అనుకున్న.

మేనేజర్ నవ్విండు. మూడు కాదు, ఐదు చప్పట్లు కొట్టిచ్చిండు. "సూపర్ బాస్, ఇట్లనే నేర్చుకోవాలె" అన్నడు. నేను కాకా దిక్కు చూసిన. ఆయన తల ఒంచుకొని కూసున్నడు. సిగ్గుపడుతున్నడేమో అనుకున్న.

ఆ నెల పెద్ద బండ్ల టార్గెట్‌కు ఒక్క బండే తక్కువైందని నాకు తెల్వదు. ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో మేనేజర్‌కు నా నోటితోనే తెలిసింది. సోమవారం కాకాను లోపలికి పిలిచిండు. అద్దం తలుపు కాబట్టి కనపడుతది, ఇనపడదు. కాకా నిలబడే ఉన్నడు, కూసోమనలే. రెండు వారాలు ఆయన్ని పొలాలకు పోనియ్యకుంట, స్పేర్ పార్టుల గదిల డబ్బాలు లెక్కపెట్టిచ్చిన్రు. న్యాల్‌కల్ ఊర్లు నాకిచ్చిన్రు. ఆ ఊర్లు తీస్కుంటున్నప్పుడు నేను వద్దనలే.

తర్వాత ఒక దినం కాకా నా టేబుల్ కాడికి వచ్చి, "బిడ్డా, నౌకరి విడిచిపెడుతున్నట్టు రాయాల్నంట. ఇంగ్లీషుల కావాల్నంట. నువ్వు టైపు కొట్టు" అన్నడు. మేనేజర్ ముందే నాకు చెప్పుండె, సొంత ఇష్టంతోనే పోతున్నట్టు రాయాలని, కారణం ఆరోగ్యం అని. కొట్టిన. కాకా నా పక్కన స్టూలు మీద కూసుండి "తెలుగుల చదువు" అన్నడు. చదివిన.

"ఏం రోగమని రాసినవ్?"

"ఏం రాయలే కాకా. ఆరోగ్యం బాగలేదని అంతే."

"బీపీ అని రాయకపోయినవా. ఇంకొన్ని దినాలు ఈడ ఉంటే రానే వస్తుండె" అని నవ్విండు. సంతకం పెట్టి, నా భుజం తట్టి, "మంచిగ కొట్టినవ్" అన్నడు. నేను నోరు తెరిచి ఆ శనివారం సంగతి చెప్పాల్సింది. చెప్పలే. నాకు భయమైంది, ఆయనకు తెల్వదనే ధైర్యం కూడ ఉండె.

నాలుగేండ్లు పోయినయ్. నాకు పెండ్లయింది, ఇద్దరు పిల్లలు. నేనే ఇప్పుడు టీం లీడర్‌ను. ఆ మేనేజర్ పోయిండు, ఇంకొకడు వచ్చిండు, చప్పట్లు అవే. పొద్దుగాల మందిని గోడ కాడ నిలబెట్టేటోన్ని కూడ నేనే. ఛీ, చెప్పనీకే మొఖం చెల్లుతలేదు గని నిజం. కాకా మాత్రం న్యాల్‌కల్ రోడ్డు మీద, చెరుకు లారీలు తూకం వేసే కాంటా కాడ వాచ్‌మన్‌గ చేరిండని తెలిసింది. ఆ దినం కెళ్లి నేను ఆ రోడ్డు పట్టలే. ఏ ఊరికి పోవాలన్నా వెనుక కెళ్లి చుట్టు తిరిగి పోతుంటి. కాకాకు కనపడొద్దని పెట్రోల్ తగలేసిన.

పోయిన నెల ఆఖరు దినం. పెద్ద బండి ఒక్కటి అమ్మితే నా టీం టార్గెట్ ఐతది, లేకుంటే గోడ కాడ నిలబడేటోన్ని నేనే. అదే అయితే నౌకరి కూడ ఉండదని మూడు దినాల ముందే చెప్పిన్రు. ఒక రైతు ఫోన్ చేసి, "చెరుకు లోడు తెచ్చిన, కాంటా కాడ ఉన్న. కాయితాలు పట్టుకొని ఈడికే రా" అన్నడు. చుట్టు తిరిగేటందుకు తొవ్వ లేకుండె. పోయిన.

కాకా గేటు కాడ కుర్చీల కూసున్నడు. బాగ తగ్గిండు. నన్ను చూసి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. "కాకా, ఆ శనివారం మీటింగుల నేనే..." అన్న.

"నాకు ఆ సోమవారమే తెలుసు. ఆ మేనేజరే అన్నడు, నీ శిష్యుడే చెప్పిండని" అన్నడు. "ఆ మాటకు కోపం లేకుండె బిడ్డా. అన్నేండ్లల్ల నలుగుర్ల లేచి నా పని మంచిదన్నోనివి నువ్వొక్కనివే. దసరాకు జమ్మి ఆకు నా చేతుల పెట్టి కాళ్లు మొక్కనీకి వస్తవని చూసిన. నాలుగు దసరాలు చూసిన. గందుకు వచ్చింది కోపం."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఇంతల ఆ రైతు వచ్చిండు. కాకాను గుర్తుపట్టి సంబురపడ్డడు. "అన్నా, నువ్వీడ ఉన్నవా! మా బావకు బండి ఇప్పిచ్చింది నువ్వే గద. ఈయనేమో పెద్దది తీస్కోమంటున్నడు. చిన్నది సరిపోతదేమో అని నాకు అనుమానం. నువ్వేమంటవ్?"

"పొలం ఎంత?" అన్నడు కాకా.

"నాలుగెకరాలు. మూడు తునకలు. ఒకదాంట్ల అల్లం."

కాకా నా దిక్కు మళ్లిండు. "పొలం నడిచినవా?"

"నడిచిన కాకా" అన్న. ఆ పొలం మొఖమే చూడలే నేను.

"ఏ బండి పడుతది?"

"పెద్దదే."

ఆయన నా మొఖం చూసిండు. తర్వాత మెడల కార్డు చూసిండు. "పిల్లలెందరు నీకు?" అని మెల్లగ అడిగిండు.

"ఇద్దరు."

రైతు దిక్కు చూడకుంటనే, "పొలం నడిచిండంట గద. తీస్కో" అన్నడు.

"నువ్వన్నంక ఇగ ఫికర్ ఏముంది" అని రైతు ఆడనే లారీ ముంగట కాయితాలు పెట్టి సంతకం చేసిండు. కాదు, చిన్నది చాలు అనే మాట నా నాలిక మీదనే ఉండె. పెన్ను కూడ నాదే. మూడు తునకలు, పన్నెండు మూలలు. కాకా అది లెక్క కట్టకుంట ఉండడు. రైతుకు నిజం చెప్పి తన నౌకరి పోగొట్టుకున్న మనిషి, నా నౌకరి నిలబెట్టనీకి అబద్ధం ఆడిండు. ఆడిచ్చినోన్ని నేను.

కాకా గదిలకు పోయి నాకోసం చాయ్ తెచ్చిండు. చెక్కర తక్కువైందేమో అన్నడు. లేదు కాకా మంచిగుంది అన్న, నిలబడే గిలాస మొత్తం తాగిన.