సంగప్ప కంది చేను మీదుగా

బడిలో నేను ఏడో తరగతి దగ్గర దిగబడ్డాను. వెనక నుంచి మా నాయన తోశాడు, ముందు నుంచి సారు లాగాడు, అయినా కదల్లేదు. అలాంటి మనిషికి, కరోనా సద్దుమణిగిన ఏడాది వానాకాలం మొదట్లో, ఎక్కడా దిగబడకూడని బండి తాళాలిచ్చి జహీరాబాద్ పశువుల దవాఖానలో డ్రైవరుగా పోస్టింగు వేశారు. అప్పటిదాకా సంగారెడ్డిలో ఆఫీసర్ల కారు నడిపేవాణ్ణి. ఆ కారుకు తారు రోడ్డు తప్ప లోకం తెలియదు. నాకూ అంతే.

కొత్తగా చేతికొచ్చిన బండి చిన్నది. ముగ్గురెక్కితే మందుల పెట్టె ఎవరో ఒకరి ఒళ్లో కూర్చునేది. గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది. మామూలుగా ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. పొట్టి రాడ్డు మారిస్తే ముందు చక్రాలకూ అందుతుంది. దాన్నే 'ఫోర్ లో'లో వేస్తే వేగం చచ్చి బలం పెరుగుతుంది. అయితే ముందుగా కిందికి దిగి, ముందు చక్రాల నడిబొడ్డున ఉండే హబ్‌లను చేత్తో తిప్పి లాక్ చెయ్యాలి. అది మరిచిపోయి రాడ్డు మాత్రమే వేస్తే ముందు చక్రాలు పెళ్లికొచ్చిన చుట్టాల్లా ఊరికే వెంట వస్తాయి, పని ముట్టుకోవు. మళ్లీ తారు రోడ్డెక్కగానే లాక్ తియ్యాలి. లేదంటే స్టీరింగు బిగుసుకుని మలుపులో మొండికేస్తుంది.

బొంబాయి హైవే మీద ఆ బండితో కాపురం కష్టం. పక్కనుంచి లారీ పోతే ఊగిపోయేది. ట్రాక్టర్లు తయారయ్యే ఊళ్లో చిన్న బండికి మర్యాద కూడా తక్కువే. దవాఖాన ముందు టీ కొట్టులో దాన్ని మేకపిల్ల అనేవారు. మేకకు మేత తక్కువ, మీ దున్నపోతులు ఎంత డీజిల్ తాగుతాయో చెప్పమని నేనూ అంటించేవాణ్ణి. లోపల మాత్రం ఒక్కసారైనా దాని సత్తా చూపించాలని ఉండేది.

శ్రావణంలో, ముసురు తెరిపిచ్చిన ఒక పొద్దున ఝరాసంగం అవతల నుంచి మొగులమ్మ అనే రైతు ఫోన్ చేసింది. ఆమె బర్రె తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది. దూడ ముందు కాలు ఒక్కటే బయటికి వచ్చింది. ఆమెకున్న బర్రె అదొక్కటే, ఇల్లు గడిచేది దాని పాల మీదే. మా డాక్టరు సుజాత గారు భీమవరం వైపు మనిషి. ఫోన్లోనే అన్నీ అడిగి, లోపల దూడ తల వెనక్కి తిరిగి ఉంటుందనీ, మధ్యాహ్నం దాటితే దూడతో పాటు తల్లి కూడా దక్కదనీ బండెక్కుతూ చెప్పారు.

మా కొలువులో ఒక హద్దు ఉంది. ఎక్కడికి పోవాలో డాక్టరు చెప్తారు. బండి ఎందాక పోతుందో డ్రైవరు చెప్తాడు. ఝరాసంగం దాటి తారు రోడ్డు దిగేచోట నా వంతు వచ్చింది. అక్కడి నుంచి మొగులమ్మ కొట్టం దాకా అంతా నల్లరేగడి. ట్రాక్టర్ తిరిగి తిరిగి బాట మీద రెండు లోతైన గాడులు పడ్డాయి. ఆ ట్రాక్టర్ సంగప్పది, బాటకు ఆనుకున్న చేనూ అతనిదే. ఇంజను విప్పి మలుపు దగ్గర రిపేరు చేసుకుంటున్నాడు, లేకుంటే దాని మీదే ఎక్కి పోయేవాళ్లం. నడిచి పోదామంటే ఆ బురదలో మధ్యాహ్నం అవుతుంది. తన ట్రాక్టర్ గాడుల వెంబడి పొమ్మని సంగప్ప సలహా ఇచ్చాడు.

చిన్న బండ్లవాళ్లు దిగబడేది ఈ సలహా వినే. ట్రాక్టర్ చక్రాల మధ్య ఎడం ఎక్కువ, నా బండికి తక్కువ. ఒక పక్క చక్రాలు గాడిలో దిగితే రెండో పక్కవి నడిమి దిబ్బ మీద ఉంటాయి. బండి ఒరిగి, పొట్ట మట్టి మీద కూర్చుంటుంది. అలా కూర్చున్నాక చక్రాలు ఎన్ని తిరిగినా గాలిలో తిరిగినట్టే. దిగి కర్రతో పొడిచి చూస్తే బాట మోకాలి లోతు మెత్తగా ఉంది. చేను అంచున గట్టు పొడవునా గడ్డి పెరిగి, వేళ్లు మట్టిని పట్టి ఉంచాయి. కాకపోతే బండి వెడల్పుకు ఆ గడ్డి చాలదు. ఒక పక్క చక్రాలు అప్పుడే మొలిచిన కంది సాళ్ల మీద పోవాలి.

"సంగప్పా, నీ చేన్లకెళ్లి పోత" అన్నాను.

"మొలిచిన కంది మీదికెళ్లా? బాట కండ్లకు గానొస్తలేదా?"

"నీ ట్రాక్టర్ లాగు నా బండికి తొడిగితే జారిపోతది."

అతను నవ్వలేదు. అప్పుడు సుజాత గారు కల్పించుకున్నారు. "రెండు సాళ్లు పాడవుతాయండి, కాదనను. ఆలస్యమైతే ఆవిడ గేదె పోతుంది. చేను మీది, మీ ఇష్టం."

మొగులమ్మకూ అతనికీ గట్టు తగాదా ఉందని నాకు తర్వాత తెలిసింది. సంగప్ప కాసేపు చేను వైపు, కాసేపు దూరంగా కనబడే కొట్టం వైపు చూశాడు. "పా. గని అటిటు మెసలకు, ఒక్కటే గీత మీద రా" అని చెప్పులు విడిచి, తనే ముందు నడిచాడు.

హబ్‌లు లాక్ చేశాను. టైర్లలో గాలి కొంత తీశాను. మెత్తబడిన టైరు వెడల్పుగా పరుచుకుని మట్టిలోకి తక్కువ దిగుతుంది. ఫోర్ లో, రెండో గేరు. ఇక క్లచ్ జోలికి గానీ బ్రేకు జోలికి గానీ పోకూడదు. ఆక్సిలేటర్ మీద కాలు, నిద్రపోయే పసిపిల్ల మీద చెయ్యి వేసినట్టు ఉండాలి. రేగడి చుట్టుకుని టైర్ల గీతలన్నీ పూడిపోయాయి. సగం దూరంలో వాన నీళ్లు పారే ఒక ఒర్రె అడ్డం వచ్చింది. అందులో నీళ్లు తక్కువే గానీ అవతలి ఒడ్డు సబ్బులా ఉంది. బండి ముక్కు పైకి లేచింది, వెనక చక్రాలు జారాయి. అక్కడ కాలు గట్టిగా తొక్కితే కథ అక్కడే ముగిసేది. నేను స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడించాను. ముందు చక్రాల అంచులు కొత్త మట్టిని కోసుకుని పట్టు దొరికించుకున్నాయి. అప్పటిదాకా వెనక నుంచి నెట్టిన బండి ముందు నుంచి లాగడం మొదలుపెట్టింది. ఒడ్డెక్కింది.

మందుల పెట్టెను పొట్టకు అదుముకుని కూర్చున్న డాక్టరు గారు, నన్ను ఇంతసేపు నోరు మూసుకుని ఉండగా చూడటం ఇదే మొదటిసారి అన్నారు.

కొట్టంలో బర్రె పడుకుని ఉంది. సుజాత గారు భుజం దాకా చెయ్యి కడుక్కుని, దూడను లోపలికి నెట్టి, తల సరిచేసి, రెండో కాలు కూడా బయటికి తెచ్చి తాళ్లు కట్టారు. ఒక తాడు నాకు, ఒక తాడు సంగప్పకు ఇచ్చారు. బర్రె ముక్కినప్పుడే లాగాలి, అది ఆగితే మేమూ ఆగాలి. మొగులమ్మ దాని తల పట్టుకుని "జర ఓర్సుకో బిడ్డా" అంటూనే ఉంది. ఆడ దుడ్డె పుట్టింది. ముక్కులో గడ్డిపోచ పెడితే తుమ్మింది. కాసేపటికి తల్లి లేచి నిలబడి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

"నీ కంది ఖరాబైంది గద సంగప్పా" అంది మొగులమ్మ, అతని మొహం చూడకుండా.

"మల్ల విత్తుకుంట తీ" అన్నాడు అతను, తాడు చుట్టుకుంటూ.

మర్నాటి నుంచి టీ కొట్టులో మేకపిల్ల అన్న మాట వినబడలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ బండికి ఎవరూ తాడు కట్టి లాగలేదు, అది నా సర్వీసులో నేను గర్వంగా చెప్పుకునే మాట. ఆ రోజు నేర్చుకున్నది చిన్న విషయమే. నాలుగు చక్రాలు తిరిగినంత మాత్రాన బండి బురదను గెలవదు. మనం ఎంచుకున్న నేల మీద మనల్ని దాటిస్తుంది, అంతే. ఆ నేలను లోపలికి దిగకముందే ఎంచుకోవాలి. దిగాక ఎంచుకోవడానికి ఏమీ మిగలదు.

కొన్నాళ్లకు సంగప్ప తన ఎద్దును దవాఖానకు తెచ్చాడు. టీ కొట్టు దగ్గర నేను పదిమందికి ఒర్రె దాటిన కథ చెప్తుంటే నిలబడి చివరిదాకా విన్నాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"మంచిగనే జెప్పినవ్ నర్సింలూ. గని నీ బండి నాలుగు చక్రాల మీద పోలే. నా రెండు కాళ్ల ఎనక పోయింది."