సిగరెట్ తినే డిటెక్టివ్

మా తెలుగు మాష్టారు పోయారని ఖరగ్‌పూర్ నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు, మళ్లీ లేవలేదు. బాధ పడలేదని అత్త చెప్పింది. బెంగాల్లోని ఆ ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే మా రైల్వే కాలనీలో మాష్టారి భార్యను మేమంతా అత్త అనే పిలిచేవాళ్లం.

ఆయన బతికుండగా రాయవద్దన్న సంగతి ఒకటుంది. ఇప్పుడు రాయవచ్చు.

ఎనభైల్లో ఆయన పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు రాసేవారు. బడి నుంచి వచ్చి, వరండాలో కూర్చుని, ముట్టించని సిగరెట్ పళ్ల మధ్య పెట్టుకుని రాసేవారు. దగ్గు ఎక్కువై అత్త అగ్గిపెట్టె దాచేసింది. కాలనీకి తెలిసిన కలంపేరు ఒక్కటే.

బెంగాలీలో నీళ్లయినా, టీ అయినా, సిగరెట్ అయినా ‘తినడమే’. బెంగాలీ పిల్లలతో ఆడుకునే మాకు తెలుగులోనూ అదే వచ్చేది. "మాష్టారూ, నీళ్లు తినొస్తాను" అంటే, "నమిలి తినరా, గొంతుకి అడ్డం పడతాది" అని పంపేవారు.

తొంభైల మొదట్లో ఆయన కలంపేరుతో ఒక బూతు నవల వచ్చింది. గోల్‌బజార్‌లోని అద్దె పుస్తకాల కొట్టు నుంచి కాలనీ అంతా తిరిగింది. బడి కమిటీ పెద్ద మాష్టారి ఇంటికొచ్చి దాన్ని బల్ల మీద పడేశారు. నేనప్పుడు విశాఖలో విలేకరిని, సెలవుకు వచ్చి అక్కడే ఉన్నాను.

"ఏటి మాష్టారూ ఇది? ఆడపిల్లలు సదివే బడి మనది. మీ అంతట మీరే మానుకుంతే మర్యాద."

"నాను రాయలేదండి."

"పేరు మీదే కదేటి?"

"పేరు సొక్కాయి లాంటిదండి. ఎవుడైనా తొడుక్కుంతాడు."

పెద్దాయన నమ్మలేదు. వారంలో కమిటీ కూర్చుంటుందని చెప్పి వెళ్లిపోయారు.

అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఆయన అబద్ధమాడరు బాబూ. బడి లేకపోతే ఆయన మనిషి కారు. నువ్వు పేపరోడివి కదా, ఏటో ఒకటి సెయ్యి."

ఆ పేరుతో ఉన్న నవలలన్నీ అద్దెకు తెచ్చి చదివాను. ఒకదానిలో డిటెక్టివ్ కిటికీ దగ్గర నిలబడి సిగరెట్ ‘తిన్నాడు’. అచ్చుతప్పు అనుకున్నాను. రెండో పుస్తకంలో హంతకుడు తిన్నాడు. కొట్టులో వేరే పేర్లతో ఉన్నవీ తిరగేశాను. ఎవరో స్వామి పేరుతో వచ్చిన దయ్యాల కథలో మంత్రగాడు తిన్నాడు. ఆడపేరుతో వచ్చిన ప్రేమకథలో హీరోయిన్ తండ్రి తిన్నాడు. అలా మాష్టారివి ఏడు పేర్లు తేలాయి. బూతు నవలలో సిగరెట్లకు కొదవ లేదు. అందరూ తాగారు, ఒక్కరూ తినలేదు.

పొరపాటా, కావాలనే రాశారా అని మాష్టారిని అడిగాను.

"మొదటిదాన్లో పొరపాటేరా. మిమ్మల్ని దిద్దీ దిద్దీ నాకే అంటుకున్నాది. అచ్చయ్యాక సూసుకుని సిగ్గేసినాది. తర్వాత సూస్తే, నాను రాయనివి నా పేరుతో వస్తన్నాయి. అప్పట్నించి పుస్తకానికి ఒకడి సేత తినిపిస్తన్నాను, నావేవో నాకు తెలవాలని." సిగరెట్ పళ్ల మధ్య నుంచి తీసి అన్నారు: "నాను పోయేదాకా ఇది రాయకు. తెలిస్తే మిగతావోళ్లూ తినిపించేస్తారు."

బూతు నవలలో ఆ గుర్తు లేనంత మాత్రాన అది రుజువు కాదు. విజయవాడ వెళ్లి ప్రచురణకర్తను అడిగాను. కలంపేర్లు తమవేననీ, ఎవరు రాసినా వాటితోనే వేస్తామనీ, ఆ నవల విజయవాడలోనే వేరొకరు రాసిందనీ చెప్పాడు. అదే మాట బడి పెద్దకు చెప్పమన్నాను. నా ఎదుటే ఫోన్ చేసి చెప్పాడు.

నేను ఖరగ్‌పూర్ తిరిగొచ్చిన సాయంత్రం పెద్దాయన మళ్లీ వచ్చారు, ఈసారి చెప్పులు గుమ్మం బయట విడిచి.

"ఠీక్ హై మాష్టారూ, అయిపోయినాది వదిలేయండి. రేపు బడికొచ్చీండి."

"అలాగేనండి. ఒక్క మాట. మీకు కోపం పుస్తకం మజ్జిలో వచ్చినాదా, ఆకర్న వచ్చినాదా?"

పెద్దాయన చెప్పులు వెతుక్కున్నారు. అత్త గుమ్మంలోనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

రిటైరయ్యేదాకా మాష్టారు ఆ బడిలోనే ఉన్నారు. ఈలోపు టీవీ వచ్చి నవలలు తగ్గిపోయాయి. ఆయనకు చింత లేదు. "సెప్పవలసినవన్నీ సెప్పీసినాను, సంపవలసినోళ్లందర్నీ సంపీసినాను" అనేవారు.

మొన్న అత్తను పరామర్శించడానికి వెళ్లినప్పుడు వరండాలో ఆయన కుర్చీలో కూర్చున్నాను. పక్కన కిటికీ గట్టు మీద ముట్టించని సిగరెట్ ఒకటి ఉంది. ఒక కొసన పంటిగాట్లు. సగం తిని, మిగతాది తర్వాత తిందామని పెట్టినట్టుంది.