పదో మనిషి కోసం మదీనాగూడ దాకా

మా టీములో పనిచేసే సామ్సన్ యూదుడు. సొంతూరు ఠాణే. ముంబయి చుట్టుపక్కల యూదుల ఇళ్ళు, ప్రార్థనామందిరాలు ఉన్న ఊళ్ళలో అదొకటి. అతను హైదరాబాదు వచ్చి ఐదేళ్ళయింది. నిరుడు వాళ్ళ నాన్న పోయారు. కొడుకు రోజూ చెప్పవలసిన కద్దీష్ అనే ప్రార్థనను ఈ ఏడాదిలో అతను ఒక్కసారి కూడా చెప్పలేకపోయాడు. యూదు మగవాళ్ళు పదిమంది కూడితేనే అది చెప్పాలట, తొమ్మిదిమందైతే చెల్లదు. తుంటి విరిగిన అమ్మను వదిలి ఠాణే వెళ్ళలేడు, ఇక్కడేమో పదిమంది దొరకరు. "కనీసం సంవత్సరీకం నాడైనా చెప్పాలండీ" అన్నాడు తల దించుకుని. మనుషుల్ని చేరవేసే పని నేను నెత్తినేసుకున్నాను.

వాళ్ళకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. సంవత్సరీకం శుక్రవారం సాయంత్రం పడింది. ముంబయి నుంచి వచ్చిన మేనమామలు, గచ్చిబౌలిలో చదువుకునే ఇద్దరు, ఆఫీసు పనిమీద వచ్చి హోటళ్ళలో దిగినవాళ్ళు, సామ్సన్‌తో కలిపి తొమ్మిదిమంది మధ్యాహ్నానికే మదీనాగూడలోని అతని ఇంటికి చేరారు. పదో మనిషి డేవిడ్, లండన్ శివారు నుంచి వచ్చిన ఇంజనీరు, యాభై దాటినవాడు. ఆయన్ను తీసుకురావడం నా వంతు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి నాలుగింటికి ఆయన ఆఫీసున్న రాయదుర్గంలో దిగాను. సగం రోజుకు పద్దెనిమిది వందలకు మాట్లాడిన కారు కింద సిద్ధంగా ఉంది. డేవిడ్ మీటింగు మాత్రం ఐదుంబావుదాకా తెమల్లేదు. సూర్యాస్తమయం ఆరూ ఇరవైకి.

"శుక్రవారం కొత్తగూడ రోడ్డు గిట్లనే జామ్ ఉంటది మేడం. ఫికర్ చేయకుండ్రి, మెల్లగ పోదాం" అన్నాడు డ్రైవర్ యాదయ్య. మెల్లగా పోవడమే నా ఫికర్.

దారిలో డేవిడ్ తన ఊరి సంగతులు చెప్పాడు. అక్కడ యూదులు ఇల్లు కొనేటప్పుడు ప్రార్థనామందిరం నడిచే దూరంలో ఉందా అని చూస్తారట. పదోవాడు తక్కువైతే పక్కింటి తలుపు కొడతారట. మనం ఆఫీసు ఎంత దూరమో చూసుకుని ఇల్లు కొంటాం. పక్కింటివాళ్ళ పేరు లిఫ్టులో తెలిస్తే తెలిసినట్టు.

హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దిగేసరికి ఆరుంబావు. డేవిడ్ గడియారం చూసుకుని, ఫోను, పర్సు, సంచీ నా చేతిలో పెట్టి కారు ఆపమన్నాడు. పొద్దు గుంకితే వాళ్ళకు సబ్బాతు, వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం. బండెక్కరు, బయట ఏదీ మోయరు.

"ఇంకా మూడు కిలోమీటర్లుంది. కారులో పది నిమిషాలు! ఎవరు చూస్తారు?" అన్నాను విసుగ్గా.

ఆయన కోప్పడలేదు. "సామ్సన్ వాళ్ళ నాన్నకోసం నిలబడటానికి వెళ్తున్నాను. నియమం తప్పి వెళ్ళి ఎలా నిలబడను? ప్రార్థన చీకటిపడ్డాకైనా చేయొచ్చు, నేను నడిచి వస్తాను" అన్నాడు. పొద్దు గుంకితే అంతా అయిపోతుందని అప్పటిదాకా అనుకున్న నేనూ కారు దిగాను.

సామ్సన్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. సబ్బాతు వేళ అక్కడ ఫోన్లన్నీ పక్కన పెట్టేసి ఉంటారు. మేం వస్తున్నామని తెలియక వాళ్ళు ఆశ వదులుకుంటే? అప్పుడు యాదయ్యే అన్నాడు: "నేను ముందుగాల పోయి చెప్త మేడం. సారు నడుసుకుంట వస్తుండు, జర ఆగుండ్రి అంట."

కారు వెళ్ళిపోయింది. ముంబయి హైవే పక్కన ఫుట్‌పాత్ ఉన్నచోట దానిమీద, లేనిచోట దుమ్ములో నడిచాం. బైక్ టాక్సీలవాళ్ళు ఆగి మరీ పిలుస్తుంటే ఆయన చేయి అడ్డంగా ఊపుతూ సాగాడు. నలభై ఐదు నిమిషాలు పట్టింది. లిఫ్ట్ కూడా వద్దని నాలుగంతస్తులు మెట్లెక్కాడు.

గుమ్మం బయట యాదయ్య చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. లోపల తొమ్మిదిమందీ లేచే ఉన్నారు. సామ్సన్ తల్లి కుర్చీలో కూర్చుని తలుపువైపే చూస్తోంది. డేవిడ్ లోపలికి అడుగుపెట్టగానే ఆమె కళ్ళు మూసుకుంది. కద్దీష్ మొదలైంది. నాలుగు మాటలకే సామ్సన్ తడబడి నిలిచిపోయాడు. ఎవరూ అందించలేదు, కదల్లేదు, ఆగారు. అతను మళ్ళీ అందుకుని చివరిదాకా చెప్పాడు. మిగతావాళ్ళు మధ్యమధ్య ఆమెన్ అన్నారు. "చెప్పాడు, నా కొడుకు చెప్పాడు" అని తల్లి హిందీలో అంటూ ఏడ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయిన నేనూ ఏడ్చాను.

ఆ ప్రార్థనలో చావు మాట లేదట, నాన్న పేరూ లేదట, దేవుణ్ణి పొగడటమేనట. తర్వాత సామ్సన్ మేనమామ ఒకాయన చెప్పాడు. మా నాన్న సంవత్సరీకానికి నేను వంటవాళ్ళకు ఫోన్‌లో పురమాయించి, మధ్యాహ్నానికల్లా మీటింగులో కూర్చున్నాను. తద్దినం జరిగింది, పక్కన నిలబడమని మాత్రం ఎవరినీ పిలవలేదు. మా అపార్ట్‌మెంటులో వందకు పైగా ఇళ్ళున్నాయి. పిలిస్తే నాకోసం నడిచి వచ్చేవాళ్ళు పదిమంది ఉన్నారో లేదో నాకు తెలియదు.

మీరూ ఇలాంటి శుక్రవారం ప్రయాణం పెట్టుకుంటే రాయదుర్గంలో మూడింటికే బయలుదేరండి. చేరాక మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోవద్దు. పదిమంది లెక్కలోకి మనం రాకపోయినా, ఆమెన్ అనడానికి ఎవరైనా పనికొస్తారట.