జనం కొట్టే మాటలు

ముప్పై ఒక్క ఏళ్లు ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. అక్షరానికి ఒత్తు పోతే ప్రాణం పోయినట్టు విలవిల్లాడేవాడు. "'బాధ'కి ఒత్తు తీసేస్తే ఇక అందులో బాధేముంటుందయ్యా!" అని కంపోజింగ్ వాళ్ల మీద విరుచుకుపడేవాడు. అందుకే అందరూ ఆయన్ని ఒత్తులాయన అనేవారు, మొహమ్మీదే.

ప్రెస్సు మూతపడ్డాక ఏడాది ఇంట్లో కూర్చున్నాడు. మందు సీసాలతో వచ్చే కాగితాలు కూడా ఎర్ర పెన్నుతో దిద్దుతుంటే భార్య చూడలేక, "ఎక్కడైనా పనిలో చేరండి, మీకూ నాకూ మంచిది" అంది. అలా వెబ్‌సైట్లకు రాసిపెట్టే ఒక చిన్న కంపెనీలో చేరాడు. స్టేషనరీ షాపు పైన రెండో అంతస్తు, ఆరు టేబుళ్లు, గిర్రుమనే ఒక ఫ్యాను.

మేనేజరు ముప్పై ఏళ్ల అమ్మాయి. మొదటి రోజే విషయం చెప్పింది. "జనం ఫోన్లో ఏదైనా వెతికితే పెద్ద జాబితా వస్తుంది మాస్టారూ. పైనున్న మూడో నాలుగో చూస్తారు. రెండో పేజీకి వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు. మనకి పనిచ్చిన షాపు ఆ పైన కనబడాలి. అదే మన ఉద్యోగం."

ఆయనకిచ్చిన మొదటి పని చెవి మిషన్లు అమ్మే షాపు పేజీ. అది వెతుకులాటలో నాలుగో పేజీలో ఎక్కడో పడి ఉంది. పాత రచయితెవరో 'వినికిడి యంత్రం' అన్న మాటని నలభై రెండుసార్లు కుక్కాడు. ఎక్కువసార్లు రాస్తే పైకొస్తుందని ఒకప్పుడు నమ్మేవారట. ఒత్తులాయన ఆ చెత్తంతా ఊడ్చేసి, 'శ్రవణేంద్రియ లోపము - నివారణోపాయములు' అని తప్పు లేని వ్యాసం రాశాడు. నెల గడిచినా పేజీ ఉన్నచోటి నుంచి కదల్లేదు.

మేనేజరు ఆయన టేబులు ముందు నిలబడి నాలుగు కాగితాలు పెట్టింది. "ఇవి జనం ఫోన్లో వెతుకుతూ నిజంగా కొట్టిన మాటలు. వీటితో రాయండి. తప్పులున్నా అలాగే ఉంచెయ్యండి."

"నా చేత్తో ఒత్తు లేని 'బాద' రాయనమ్మా. కావాలంటే రాజీనామా రాసిస్తాను. అందులో ఒక్క తప్పు కూడా ఉండదు."

ఆమెకు నవ్వొచ్చింది. "సరే, ఒత్తులు మీవి, మాటలు వాళ్లవి. శ్రవణేంద్రియం అని ఎవరు వెతుకుతారు, మీరే చెప్పండి?"

ఆయన అలవాటు చొప్పున ఎర్ర పెన్ను తీసి ఆ కాగితాలు దిద్దడం మొదలుపెట్టాడు. 'అమ్మ పిలిస్తె పలకడంలేదు ఎమి చెయ్యలి.' 'నాన్న టీవి సౌండు బాగ పెంచుతున్నడు.' 'తాత చెవి మిషన్ వద్దంటున్నాడు ఎల ఒప్పించాలి.' రెండో కాగితం చివర పెన్ను ఆగిపోయింది. 'మా ఆయన ప్రతిదానికీ ఊ అంటాడు వినబడకా కావాలనా.' ఆ వాక్యంలో దిద్దడానికేమీ లేదు.

పోయిన వారం పక్కింటావిడ తల్లిని ఆస్పత్రిలో చేర్చారని భార్య చెబితే, "ఊ, మంచిది" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు భార్య ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. ఇంట్లో అందరూ నోట్లో నోట్లో గొణుక్కుంటారని ఎప్పటి నుంచో ఆయన ఫిర్యాదు.

లేచి మేనేజరు దగ్గరికెళ్లాడు. "నాతో మాట్లాడేటప్పుడు నువ్వు గట్టిగా మాట్లాడతావామ్మా?"

ఆమె తడబడింది. "అందరం అలాగే మాట్లాడతాం మాస్టారూ. మీకు తెలుసనుకున్నాం."

ఇంటికెళ్లి భార్యని అడిగాడు. "'మా ఆయన ప్రతిదానికీ ఊ అంటాడు' అని ఫోన్లో కొట్టింది నువ్వేనా?"

"నాకేం ఖర్మ! మూడేళ్లుగా మీతోనే చెబుతున్నాను, మీకు వినబడితే కదా!" అంది ఆవిడ. అనేసి నవ్వింది. ఆయన నవ్వలేదు. "రేపు చెవి మిషన్ల షాపుకి నాతో రా" అన్నాడు.

షాపులో పరీక్ష చేసే ఆవిడ ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బటన్ ఇచ్చింది. "చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కండి." ఆయన బటన్ మీద వేలుంచి, పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తూ కూర్చున్నాడు. అప్పటికే సగం అయిపోయింది. అద్దం అవతల భార్య కళ్లు తుడుచుకోవడం కనబడింది.

"హోరు పెట్టే పెద్ద మిషన్ల పక్కన పనిచేశారా?" అని అడిగింది పరీక్ష చేసినావిడ. ప్రెస్సు రోజుల్లో అచ్చు మిషన్ల హోరు ఆయనకి జోలపాటలా ఉండేది.

మిషను పెట్టుకున్న వారానికి పేజీ మళ్లీ మొదటి నుంచి రాశాడు. ప్రశ్నలన్నీ జనం అడిగినట్టే పెట్టాడు, ఒత్తులు మాత్రం సరిచేసి. ఊ అనే భర్త గురించి ఇలా జవాబిచ్చాడు: 'చాలావరకు వినబడకే. ఒప్పుకోవడానికి సిగ్గుపడి ఊ అంటారు. వెనక నుంచి పిలవకండి, ఎదురుగా నిలబడి చెప్పండి. పరీక్షకి ఒంటరిగా పంపకండి.' వద్దనే తాత గురించి: 'మొదట్లో తలుపు వేసిన చప్పుడు కూడా పిడుగు పడ్డట్టుంటుంది. రోజుకో గంటతో మొదలుపెట్టండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.' 'అత్యుత్తమ', 'నంబర్ వన్' లాంటి మాటలు ఎక్కడా వాడలేదు.

మూడు వారాలకి రెండో పేజీలోకి వచ్చింది. రెండు నెలలకి మొదటి పేజీలో మూడోది. దానిపైన రెండూ పెద్ద పెద్ద కంపెనీలవి. మేనేజరు ఆఫీసులో అందరికీ ఆ పేజీ చదివి వినిపించింది. ఆయన తల వంచుకుని విన్నాడు. ప్రతి మాటా వినబడింది.

అంతా సుఖాంతమేమీ కాదు. ఆఫీసులో ఆరు కీబోర్డుల చప్పుడు రేకుల మీద వానలా ఉంటోందని, పగలు మిషను తీసి సొరుగులో పెట్టేస్తున్నాడు. ఇంట్లో మాత్రం పెట్టుకుంటాడు. "ఇదివరకు పక్కగదిలో కూర్చుని హాయిగా తిట్టుకునేదాన్ని. ఇప్పుడా సుఖం కూడా పోయింది" అంటుంది భార్య.

ఆర్నెల్లకి పేజీ ఐదో స్థానానికి దిగింది. ఇంకో షాపు వాళ్లు కొత్త పేజీ పెట్టారు. మేనేజరు కంగారుపడింది. ఆయన మాత్రం మిషను చెవికి తగిలించుకుని షాపుకి ఫోను చేశాడు. పరీక్ష చేసే ఆవిడ ఎత్తింది.

"ఈ వారం వచ్చినవాళ్లు ఏమేం అడిగారమ్మా? మెల్లిగా చెప్పు, రాసుకుంటాను."