జయపాల్ గారి టైము

పదింటి కూడికకు పదకొండున్నరకు వచ్చి "ఇంకా మొదలవలేదా?" అని అడిగే ఊరు మనది. అలాంటి విజయవాడలో హవల్దార్ జయపాల్ గారు డెబ్భై నాలుగేళ్లు నిండేదాకా బతికారంటే ఆయన ఓర్పును మెచ్చుకోవాలి. అందులో ఇరవై రెండేళ్లు పటాలంలో గడిచాయి కాబట్టి సరిపోయింది.

ఆరింటి రైలుకు నాలుగున్నరకే ప్లాట్‌ఫారం మీద ఉండాలన్నది ఆయన లెక్క. కూతురు దీవెన టెన్త్ పరీక్షలప్పుడు వాచ్‌మన్ కంటే ముందే తండ్రీకూతుళ్లు సెంటరు గేటు దగ్గర ఉండేవారు. పాపం ఆ వాచ్‌మన్ రోజూ వీళ్ల ఫ్లాస్కులో టీ తాగాకే తాళం తీసేవాడు. దీవెన పెళ్లినాడు కొండపల్లి నుంచి రావలసిన పెళ్లికొడుకు బాబీ గంట ఆలస్యం చేస్తే, జయపాల్ గారు చెప్పిన వేళకే పాటలు మొదలుపెట్టించారు. బాబీ చర్చి మెట్లెక్కేసరికి మూడు పాటలు, ఒక ప్రార్థన అయిపోయాయి. ఇక పెళ్లి ఒక్కటే మిగిలింది.

ఇంత చాదస్తానికి ఒక కారణం ఉంది. దీవెన పుట్టినప్పుడు ఆయన సరిహద్దులో ఉన్నారు. సెలవు దొరికి ఇల్లు చేరేసరికి పిల్లకు ఐదో నెల. ఎత్తుకోబోతే, ఎవరో కొత్త మనిషనుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ తర్వాత ఆయన దేనికీ ఆలస్యం కాలేదు. దీవెన హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం నాలుగింటికి పిల్లల్ని చూడనిస్తే, రెండింటికే ఎండలో వచ్చి నిలబడేవారు.

"ఎందుకు నాన్నా ఇంత ముందు?" అంటే, "నా కోసం నువ్వు గేటు వంక చూస్తా కూర్చోకూడదమ్మా. నిలబడ్డం నాకలవాటే" అనేవారు.

ఆసుపత్రి మంచం మీద ఆయన కూతుర్ని అడిగింది కూడా ఒక్కటే. "నా జ్ఞాపకార్థ కూడిక, కార్డులో ఏ టైముంటే ఆ టైముకి మొదలవ్వాల. పాస్టర్ గారు రాకపోతే నువ్వే మొదలెట్టు." దీవెన మాటిచ్చింది.

కార్డుల పని బాబీ చూసుకున్నాడు. కూడిక పదింటికి. ఊరి సంగతి తెలిసినవాడు కనుక, తొమ్మిదని వేస్తే జనం పదికైనా వస్తారని తొమ్మిదని వేయించాడు. ఆ తెలివిని భార్యకు చెప్పలేదు. కూడిక రోజు పొద్దున ఎనిమిదిన్నరకు దీవెన కార్డు చూసింది.

"అందరూ పదికే వస్తార్లే" అన్నాడు బాబీ.

"కార్డులో తొమ్మిదుంటే తొమ్మిదే" అంది దీవెన.

షామియానా కింద కుర్చీలింకా సగమే వేశారు. పెరట్లో బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతున్నారు. పాస్టర్ గారికి ఫోన్ చేస్తే "దారిలోనే ఉన్నానమ్మా" అన్నారు, వెనకాల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. నాన్న జీవితం రాసుకున్న కాగితం పట్టుకుని, ఖాళీ కుర్చీలకే చదువుదామని దీవెన బయటికి వచ్చింది.

మొదటి వరసలో ఇస్త్రీ చొక్కాతో పక్కింటి రామకోటేశ్వరరావు గారు కూర్చుని ఉన్నారు. ఆలస్యానికి ఆయన పెట్టింది పేరు. రిటైర్మెంటు సన్మానానికి కాలేజీ వాళ్లు దండ పట్టుకుని గంటన్నర నిలబడ్డారు. రోజూ ఐదింటికి జయపాల్ గారు కర్రతో గేటు బాది ఆయన్ను నడకకు లేపేవారు. లేస్తూ రావు గారు తిట్టే తిట్లు వీధి చివరిదాకా వినబడేవి.

"అంకుల్, మీరెప్పుడొచ్చారు?"

"ఎనిమిదింటికమ్మా." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ నాన్న పోయిన కాణ్ణించీ నాలుగింటికే మెలకువొచ్చేస్తంది. లేచి గేటు వంక చూస్తా కూర్చుంటన్నా."

దీవెనకు దుఃఖం పొంగుకొచ్చింది. గడియారం చూసుకుంటే తొమ్మిదికింకా రెండు నిమిషాలుంది. ఆయన పక్క కుర్చీలో కూర్చుని ఆ రెండు నిమిషాలూ ఏడ్చి, సరిగ్గా తొమ్మిదింటికి లేచి నిలబడింది.