రాజుగారి కోసం తవ్వి చూసిన దారి

ధైర్యాన్ని కొలిచే పరికరం అగ్నిమాపక శాఖలో లేదు. నీటిని లీటర్లలో కొలుస్తాం, దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తాం. అందుకే మా సిబ్బందిలో ధైర్యం తగ్గిందని పై అధికారులు తేల్చినప్పుడు, ఏ కొలతతో తేల్చారని అడిగాను. ఎదురు ప్రశ్నలు మాని సన్మానానికి ఏర్పాట్లు చూడమన్నారు.

రెండువేల దశకం తొలి సంవత్సరాల్లో అరకు దగ్గరి ఒక చిన్న ఊళ్లో నేను ఫైర్ స్టేషన్ అధికారిని. కొండల్లో అన్నలకూ పోలీసులకూ యుద్ధం నడుస్తున్న కాలం. ఊరి పొలిమేరలోని కల్వర్టు కింద మందుపాతర ఉండవచ్చన్న భయంతో, పోలీసులు తవ్వి చూసి అనుమతి ఇచ్చేదాకా మా బండి దాన్ని దాటకూడదని ఉత్తర్వు. ఆ ఏడు మాఘంలో అవతల ఒక గూడెం తగలబడింది. అనుమతి వచ్చి మేం చేరేసరికి మిగిలింది బూడిదే. గూడెంవాళ్లు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మావాళ్లకు మింగుడుపడనిది అదే.

దీనికి పైవాళ్లు కనిపెట్టిన మందు, పాత సంస్థానపు వారసుడిని రప్పించి మాకు శాలువాలు కప్పించడం. కొండవాళ్లు ఆయన్ని అప్పటికీ రాజుగారనే పిలిచేవారు.

ఆయన వచ్చారు. కారు మా గేటుకు అడ్డంగా ఆగింది. "మీ ధైర్యమే ఈ కొండలకు కాపలా" అంటూ రెండు శాలువాలు కప్పారు. మూడోది విప్పుతుండగా ఒకాయన సైకిల్ మీద రొప్పుతూ వచ్చి, కల్వర్టు అవతల తమ గూడెం అంటుకుందని చెప్పాడు.

బండి తీయమన్నాను. రాజుగారి వెంట వచ్చిన పోలీసు అధికారి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి. కల్వర్టు చెక్ చేయించాలి. రెండు గంటలు పడుతుంది."

మా డ్రైవరు కొండవాడు. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. అతడు రాజుగారివైపు తిరిగాడు.

"దొరా, తమరు ఏ దారంట వచ్చినారు?"

"ఆ కల్వర్టు మీదుగానే."

"మరి పొద్దున్న మీకోసం పోలీసోళ్లు దాన్ని తవ్వి సూసినారు గదా. మీ కారుకి పనికొచ్చిన దారి మా బండికి పనికిరాదేటి?"

"ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అధికారి గద్దించారు.

"తెలుసు బాబూ. ఆ కారే మాకు అడ్డంగా ఉంది, బేగి తీయించండి."

రాజుగారు శాలువా పక్కవాడి చేతిలో పెట్టి, తన డ్రైవరుకు సైగ చేశారు. కారు వెనక్కి జరిగింది. "బాధ్యత నాది" అని అధికారితో చెప్పి బండెక్కాను.

ఆ గూడెంలో ఇళ్లు పంతొమ్మిది. ఏడు కాలిపోయాయి, పన్నెండు నిలిచాయి. ప్రాణనష్టం లేదు.

తర్వాతి వారం సంజాయిషీ అడిగారు. దారి సురక్షితమని ఆ ఉదయం నిర్ణయించింది పోలీసులే గాని నేను కాదని జవాబిచ్చాను. రాజుగారి ఒక్క ప్రాణానికి చాలిన తనిఖీ మా ఐదు ప్రాణాలకు ఎందుకు చాలదో లెక్క చెప్పమన్నాను.

ఉత్తర్వు రద్దు కాలేదు. ఆ తర్వాత కల్వర్టు అవతల నిప్పు లేచిన ప్రతిసారీ, ఆ దారిలో బస్సులు తిరుగుతున్నాయా అని మాత్రం కనుక్కునేవాణ్ణి. తిరుగుతుంటే బండి తీయించేవాణ్ణి.